ముసుగుతో కూర్చున్న చిత్రకారుడు

చిత్రకారుడు లోకమునెల్ల చిత్రింపవచ్చును. కొండను, నదిని, రాజును, రైతును, దేవతను, బిచ్చగానిని అతడు తన పటమునకు ఎక్కింపగలడు. కాని తాను కూర్చుండి పనిచేయు గదిని చిత్రించుటకు పూనుకొన్నపుడు అతని చిక్కు వేరు. అక్కడ చూచువాడును, చూడబడువాడును ఒక్కడే. వకీలు, ముద్దాయి, న్యాయాధిపతి ముగ్గురును ఒక్క మనుష్యుడే యైన న్యాయస్థానము వంటిది ఆ గది. అట్టి చోట నిజము పలుకుట సాధ్యమా? ఈ ప్రశ్నను మిగుల కఠినముగా తనకు తాను వేసికొన్న పటమొకటి కలదు. అది అమెరికా చిత్రకారుడు ఫిలిప్ గస్టన్ 1969లో వ్రాసిన ‘ది స్టూడియో’ అను తైలవర్ణ చిత్రము. దానిని ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. చిత్రకళతో పరిచయము లేని గృహస్థులకును ఈ విషయము పనికివచ్చునని మా నమ్మకము. ఏలయన ఇందలి ప్రశ్న కుంచె పట్టినవానికి మాత్రమే చెందినది కాదు. సంఘమును బాగుచేయవలెనని నోరు విప్పు ప్రతివానికిని చెందినది.

మొదట మన యింటి సంగతి చూతము. మన ప్రాచీన పటచిత్ర సంప్రదాయమున చిత్రకారుని పనిగదికి తావు లేదు. తెలంగాణమునందలి చేర్యాల నకాషీవారి పనిని గమనింపుడు. వారు ఖద్దరుబట్టకు చింతగింజల పిండియు, సుద్దయు, జిగురును కలిపి పట్టించి, ఆరబెట్టి, ఎర్రని నేలమీద కులపురాణములను వరుసలు వరుసలుగా వ్రాయుదురు. కథానాయకులు, వారి చుట్టములు, పగవారు, పశువులు, పక్షులు, చెట్లు అన్నియు ఆ పటములో కనబడును. కనబడనివాడు ఒక్కడే, పటమును వ్రాసినవాడు. అతని యిల్లే అతని పనిగది, ఆలుబిడ్డలే అతని తోడి పనివారు. అయినను ఆ యింటి గోడ యొక్కటియు పటములోనికి రాదు. కథ కులమువారిది, పాడువాడు కథకుడు. వ్రాసినవాడు వెనుకనే నిలుచును. ఇది వినయమే, సందేహము లేదు. కాని వెనుక నున్నవానిని ఎవరును ప్రశ్నింపరు గనుక ఈ వినయమునందు కొంత సౌకర్యము కూడ నున్నది.

నవీనకాలమున మన చిత్రకారుని స్థితి మారినది. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారు (1897-1925) బొంబాయి కళాశాలలో చదివి వచ్చి, స్వగ్రామమున చిత్రకళాశాలను నెలకొల్పి, శిష్యులను తయారుచేసిరి. ఇరువదియెనిమిదేండ్లయినను నిండకముందే ఆయన మశూచికమువలన కన్నుమూసిరి. ఆయన పటములు నేడును ఆ నగరమున ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నవి. పనిగది పాఠశాలయై, పాఠశాల స్మారకమందిరమైనది. ఇది మనకు గర్వకారణమైన చరిత్ర. దీనివలన మనకొక అలవాటును కలిగినది. చిత్రకారుని గదిని గుడివలె చూచుట నేర్చుకొంటిమి. చెప్పులు బయట విడిచి లోనికి పోదుము. అచ్చట పాపము చొరదని మన భావన.

ఐరోపా చిత్రకారులు తమ పనిగదిని పటమున వ్రాయుట చాల కాలము క్రిందటనే ప్రారంభించిరి. 1656లో స్పెయిను దేశపు వెలాస్క్వెజ్ రాజకుమారిని, ఆమె చెలికత్తెలను వ్రాసిన పటములో, ఒక ప్రక్క పెద్ద కాన్వాసు ముందర కుంచె పట్టి తానును నిలుచుండెను. రాజదంపతులు అద్దములో నీడలవలె కనబడుదురు. చిత్రకారుడు మాత్రము నిండు విగ్రహముతో నిలిచియున్నాడు. 1855లో ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే సుమారు ఇరువది అడుగుల వెడల్పు గల పటమున తన స్టూడియోను వ్రాసి, నడుమ తాను కూర్చుండి, ఒకవైపు మిత్రులను, మరియొకవైపు పేదలను, వర్తకులను, వేటగాండ్రను, బిచ్చగత్తెను నిలిపెను. లోకమంతయు తనచే చిత్రింపబడుటకై తన గదికే వచ్చినదని ఆ పటము చాటుచున్నది. ఈ రెండును మహాచిత్రములే. అయినను ఈ రెండింటి సారాంశము ఒక్కటి: ‘నేను సేవకుడను గాను, నాకొక స్థానము కలదు’ అని చిత్రకారుడు లోకమునకు తెలియజెప్పుట. చేతిపనివానిగా చులకన చేయబడినవాడు గౌరవమును కోరుట న్యాయమే. కాని గౌరవము లభించిన పిమ్మట పనిగది పటము ఏమి చెప్పవలెను? గస్టన్ చిత్రము ఇక్కడ మొదలగుచున్నది.

‘ది స్టూడియో’ పెద్ద పటము కాదు. ఎత్తు నాలుగడుగులు, వెడల్పు మూడున్నర అడుగులు. తెలుపు కలిసిన గులాబి, ఎరుపు రంగులు దానినిండ పరచుకొన్నవి. మాంసపు దుకాణమును తలపించు ఎరుపది. నడుమ ఒక బొమ్మ కూర్చున్నది. దాని తలనుండి భుజములవరకు కొనదేలిన ముసుగు. కన్నులకు మారుగా రెండు నిలువు చీలికలు. ముసుగుమీద కుట్లు, చిందిన ఎర్రని మరకలు. ఒక చేత కుంచె, లావైన మరియొక చేతి వ్రేళ్లనడుమ సిగరెట్టు. ఎదుట నిలిపిన కాన్వాసుమీద ఆ బొమ్మ వ్రాయుచున్నది మరేమో కాదు, తనవంటి ముసుగునే. పైనుండి ఒక విద్యుద్దీపపు బల్బు వ్రేలాడుచున్నది. గోడ గడియారము, సిగరెట్టు పొగ, రంగు కుంచెలు అన్నియు పిల్లల పరిహాసపత్రికలలోని బొమ్మలవలె మోటు గీతలతో వ్రాయబడినవి. మొదటి చూపునకు నవ్వు వచ్చును. ఆ ముసుగు ఎవరిదో తెలిసినపుడు ఆ నవ్వు నిలిచిపోవును.

అది కూ క్లక్స్ క్లాను వారి ముసుగు. అమెరికాలో 1865లో అంతర్యుద్ధము ముగిసిన వెనుక పుట్టి, నల్లవారిని కొట్టియు, కాల్చియు, ఉరితీసియు భయపెట్టిన దుష్టసంఘమది. 1915 తరువాత మరల తలయెత్తి, యూదులను, కాథలిక్కులను, వలసవచ్చినవారిని గూడ ద్వేషించినది. గస్టన్ యూదుడు. తల్లిదండ్రులు ఒడెస్సా నగరమునుండి పారివచ్చినవారు. ఆయన 1913లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున జన్మించెను. బాల్యముననే కుటుంబము లాస్ ఏంజలీసు చేరినది. అచ్చట తండ్రి పాతసామానులను ఏరుకొని బ్రతుకలేక ఉరివేసికొని మరణించెను. బాలుడు సామానుల అరలో దూరి, పైన వ్రేలాడు ఒంటి బల్బు వెలుతురులో బొమ్మలు గీచుకొనుచుండెను. అదియే అతని మొదటి పనిగది. ‘ది స్టూడియో’ పటమునందలి బల్బు ఊరక వచ్చినది కాదని చదువరులు గ్రహింతురు గాక.

యౌవనమున గస్టన్ ఆ దుష్టసంఘమును శత్రువుగానే చిత్రించెను. 1930 నాటి ‘కుట్రదారులు’ అను రేఖాచిత్రములో ముసుగువారు దుర్మార్గులు. చూచు మనము నిర్దోషులము. 1933 ప్రాంతమున నల్లవారిపై జరిగిన అన్యాయములను గూర్చి ఆయనయు, ఆయన తోడివారును వ్రాసిన పటములు పోలీసుల దాడిలో పాడుచేయబడినవి. ఆ దశకముననే ఆయన తన ఇంటిపేరు గోల్డ్‌స్టీనును విడిచి గస్టన్ అయ్యెను. యూదుడని తెలిపెడి పేరును దాచుకొనుటయు ఒక ముసుగే కదా! తరువాతి కాలమున ఈ సంగతి ఆయనను బాధించుచుండెను. 1950 ప్రాంతమునుండి ఆయన ఆకృతులను విడిచి, గులాబి, ఎరుపు రంగుల లేత పూతలతో అమూర్తచిత్రములు వ్రాసి గొప్ప పేరు గడించెను. 1962లో న్యూయార్కునందలి గుగ్గెన్‌హైము చిత్రశాల ఆయన పటములను పెద్దయెత్తున ప్రదర్శించినది. ధనము, కీర్తి, మిత్రుల మెప్పు అన్నియు కూడినవి.

అటుపిమ్మట వియత్నాము యుద్ధము, నల్లవారి హక్కుల పోరాటము, 1968లో చికాగో వీధులలో జరిగిన పోలీసుల దౌర్జన్యము ఆయన మనస్సును కలచివేసినవి. లోకము మండుచుండగా గదిలో కూర్చుండి ఎరుపును నీలముతో సరిపుచ్చుకొనుచున్న తాను ఎట్టివాడనని ఆయన తన్నుతాను ప్రశ్నించుకొనెను. చాలమంది కళాకారులు ఈ ప్రశ్నకు సమాధానముగా దుర్మార్గులను దూషించు పటములు వ్రాయుదురు. గస్టన్ అట్లు చేయలేదు. ఆ ముసుగు వెనుకనున్నది తానేయని ఆయన చెప్పెను. దుర్మార్గుడు ఇంట ఎట్లుండును, ఏమి తినును, ఎట్లు సిగరెట్టు కాల్చును, ఎట్లు బొమ్మలు వ్రాసికొనును అని ఊహించెను. రష్యా రచయిత ఐజక్ బాబెల్ ఆయన తలపులో నుండెను. యూదుడైన బాబెల్, యూదులను హింసించిన కొసాకుల సేనతో కూడి తిరిగి, వారి కథలు వ్రాసినవాడు.

1970 అక్టోబరులో న్యూయార్కునందలి మార్ల్‌బరో గ్యాలరీలో ఈ క్రొత్త పటములు ప్రదర్శింపబడినవి. విమర్శకులు మండిపడిరి. న్యూయార్క్ టైమ్సు పత్రికలో హిల్టన్ క్రామర్, పండితుడు మొద్దువాని వేషము కట్టినాడని ఎగతాళి చేసెను. ఆప్తమిత్రుడైన సంగీతకారుడు మోర్టన్ ఫెల్డ్‌మన్ ముఖము త్రిప్పుకొనెను; ఆ స్నేహము అంతటితో తెగినది. చిత్రకారుడు డి కూనింగ్ వంటి కొలదిమంది మాత్రమే ఆ పటములందలి స్వాతంత్ర్యమును గుర్తించిరి. క్రామరుగారి ఆక్షేపణలో ఒక భాగము నిజమే: ఆ మోటుదనము చేతకానితనము కాదు, తెలిసి తెచ్చుకొన్నది. గస్టన్ తన వంటింటి గోడకు ఇటలీ మహాచిత్రకారుడగు పియెరో డెల్లా ఫ్రాంచెస్కా పటముల ప్రతులను వ్రేలాడదీసికొని నిత్యము చూచినవాడు. ‘ది స్టూడియో’లో ముసుగు, కాన్వాసు, బల్బు, చేయి నిలిచిన తీరున ఒక్కటి జరిపినను పటము కూలును. కాని తెలిసి చేసినది గనుక అబద్ధమనుట సరికాదు. అందమైన పూతలతో నిజమును కప్పిపుచ్చుట యెక్కువైనదని తోచినవాడు అందమును తీసివేసి చూచెను. వేషము కట్టినది ఈ మోటు పటములందా, మునుపటి సొగసైన పటములందా అని క్రామరుగారు అడుగవలసియుండెను.

ఇంతకంటె బరువైన ఆక్షేపణ మరియొకటి కలదు. ఈ పటములలో హింసించువాడు కనబడుచున్నాడు, హింసింపబడినవాడెక్కడ? నల్లవాని బాధను పటమునుండి తొలగించి, తెల్లవాడు తన మనోవేదనను మాత్రమే చూపుకొనుట న్యాయమా? 2020లో అమెరికాలో జాతిద్వేషమునకెదురుగా గొప్ప ఆందోళన లేచిన సమయమున, వాషింగ్టను, బోస్టను, హ్యూస్టను, లండను నగరముల చిత్రశాలలు నాలుగును కలిసి యేర్పాటు చేసిన గస్టన్ ప్రదర్శనమును వాయిదా వేసినవి. ముసుగు బొమ్మలను జనులు తప్పుగా గ్రహింతురని వారి భయము. దీనిని నిరసించుచు వందలకొలది కళాకారులు బహిరంగలేఖపై సంతకములు చేసిరి. తుదకు 2022లో బోస్టనులో ప్రదర్శనము ప్రారంభమై, 2024 ఆరంభమున లండనులో ముగిసినది. ఈ వివాదమున మా తీర్పు ఇది: పీడితుని బాధ చెప్పుటకు గస్టన్ తగినవాడు కాడు, ఆ సంగతి ఆయన ఎరుగును. ఆయన చెప్పగలిగినది ఎదుటి పక్షపు సంగతి: దుర్మార్గము ఎంత సాధారణమైన గదిలో, ఎంత తీరికగా, ఎంత శ్రద్ధగా కూర్చుండునో చూపుట. అయినను, ఒక్క గస్టనునే చూచి ఆ దేశపు హింసను గ్రహించితిమనుకొనుట తప్పు. దాని ప్రక్కన, ఆ హింసకు లోబడిన జాతివారే వ్రాసిన పటములనుంచి చూడవలెను. నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ 1940-41లో తన జాతివారి వలసను గూర్చి వ్రాసిన 60 పటములను చూచినవారికి ఈ సంగతి బోధపడును.

ఆ సంవత్సరములలోనే గస్టన్ వ్రాసిన ఇతర ముసుగు చిత్రములకంటె ‘ది స్టూడియో’ గొప్పదని మా అభిప్రాయము. ‘సిటీ లిమిట్స్’ వంటి పటములలో ముసుగువారు కారెక్కి ఊరు తిరుగుచుందురు. వారిని చూచి మనము నవ్వవచ్చును, అసహ్యించుకొనవచ్చును. వారు వేరు, మనము వేరు. పనిగది పటములో అట్టి అవకాశము లేదు. ముసుగు చేతిలో కుంచె యున్నది. ఆ కుంచెయే మనము చూచుచున్న పటమును వ్రాసినది. వ్రాయుచున్నది తన బొమ్మనే గనుక అది నేరాంగీకారమో, ఆత్మస్తుతియో తేల్చి చెప్పలేము. దుర్మార్గుడును అద్దములో తన్ను చూచుకొని మురియును. తప్పు ఒప్పుకొనుటలో గూడ ఒక తీపి కలదు; ఆ తీపి ఒక్కొక్కపుడు తప్పును దిద్దుకొను పనిని మరపించును. గస్టన్ ఈ ప్రమాదమును దాచలేదు. ఆ సిగరెట్టు పట్టిన చేతి తీరిక చూడుడు. తన పాపమును వ్రాసికొనుటలో అతడు సుఖముగానే యున్నాడు. ఈ పటముయొక్క నిజాయితీ మాకు ఇచ్చటనే కనబడుచున్నది.

ఈ సంగతి తెలుగువారికి పూర్తిగా క్రొత్తది కాదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో నూతనరూపము దాల్చినది. ఆ నాటకమునందలి గిరీశము వితంతూద్వాహములను గూర్చియు, వేశ్యావృత్తి నిర్మూలనమును గూర్చియు ఉపన్యసించును; ఆ ఉపన్యాసములే అతనికి ముసుగు. గురజాడవారు సంస్కరణమునకు విరోధులు కారు, మనసార కోరినవారు. అయినను సంస్కర్తభాష ఎట్టివాని నోటనైనను ఒదుగునని మొట్టమొదట చూపినది వారే. సాధువైన సౌజన్యారావు పంతులును గూడ వారు ఊరకే విడువలేదు. మధురవాణి యెదుట ఆయన ధర్మమునకును పరీక్ష తప్పలేదు. ఒక్క భేదము కలదు: గురజాడవారు ముసుగును తమ పాత్రకు తొడిగిరి, గస్టన్ తన తలకే తొడిగికొనెను.

మఠంపల్లి మొదలుకొని కోదాడ, మిర్యాలగూడెముల వరకు గల ఈ ప్రాంతపు చదువరులకు ఈ మాట మరింత దగ్గరగా తాకవలెను. ఇది నాడు నిజాము రాజ్యమునందలి నల్లగొండ జిల్లా. కృష్ణ దాటినచో ఆంగ్లేయుల పాలన. 1946 నుండి 1951 వరకు ఈ జిల్లా గ్రామములలో వెట్టిచాకిరికిని, భూస్వామ్యమునకును ఎదురుగా రైతాంగము పోరాడినది; రజాకార్ల దౌర్జన్యమును, తరువాత సైన్యపు నిర్బంధమును సహించినది. ఆ కాలమును గూర్చి పాటలున్నవి, కథలున్నవి, పటములున్నవి. వానిలో దొర యెప్పుడును మీసము మెలివేసిన పరాయివాడు; రజాకారు టోపీ పెట్టిన పరాయివాడు. ఆ చిత్రణ అబద్ధమని మేము అనము. కాని వెట్టి చేయించుకొన్న ఇండ్లన్నియు గడీలే కావు. లెక్కలు వ్రాసినవారు, సాక్ష్యము చెప్పినవారు, చూచి ఊరకున్నవారు, కుండలు, చెప్పులు, చాకిరి ఉచితముగా పుచ్చుకొన్నవారు మామూలు గృహస్థులు. వారి మనుమలలో చాలమంది నేడు విద్యావంతులు, సంస్కరణప్రియులు. ఆ మామూలు ఇంటి వసారాను, ఆ లెక్కల పుస్తకమును, ఆ కలము పట్టిన చేతిని ముఖ్యవస్తువుగా నిలిపిన పటమునకు మనలో ఇంకను చోటున్నది. అట్టిది వ్రాయుటకు పూనువాడు పరాయివాని ముఖమును వెదకనక్కరలేదు. తన వసారాలోని దీపపు వెలుగు చాలును.

గస్టన్ ముసుగుతో ఆగిపోలేదని చెప్పుట న్యాయము. 1973 నాటి ‘పెయింటింగ్, స్మోకింగ్, ఈటింగ్’ అను పటములో ముసుగు లేదు; మంచముమీద పండుకొని సిగరెట్టు కాల్చుచున్న ఒంటికన్ను తల, రొమ్ముమీద తినుబండారముల పళ్లెము, వెనుక కుప్పపడిన చెప్పులు. పనిగది పడకగదిలోనికి, వంటగదిలోనికి జొరబడినది. 1977లో భార్య మూసా మెదడు రక్తనాళపు దెబ్బచేత జబ్బుపడిన పిమ్మట వ్రాసిన ‘కపుల్ ఇన్ బెడ్’ అను పటములో, చిత్రకారుడు దుప్పటిక్రింద భార్యను హత్తుకొని పండుకొన్నాడు. నిద్రలోను చేతిలోని కుంచెలను విడువలేదు, కాళ్ల చెప్పులు విప్పలేదు. గృహిణులు ఈ పటమును చూడవలెను. కళకై జీవితమునిచ్చినవాని యింట ఆ వ్యయములో సగము భార్య చెల్లించెనని అది చెప్పుచున్నది. మూసా మెకిమ్ కవయిత్రి. తొలినాళ్లలో తానును చిత్రములు వ్రాసినది. ఆ యింట ఒక్కనికే పనిగది యుండెను. పటము ఈ మాటను పైకి చెప్పదు. కాని ఒకే పరుపుమీద కుంచెలన్నియు ఒక్క చేతిలోనే యున్నవని చూపుచున్నది. 1980 జూన్ 7వ తేదీన గస్టన్ మరణించెను. ఆయన ఎగతాళి పాలైన పటములే తరువాతి తరము చిత్రకారులకు దారి చూపినవి.

ఇక మా నిర్ణయము. వెలాస్క్వెజ్ పనిగదిలో చిత్రకారుడు గౌరవమును సంపాదించెను. కూర్బే పనిగదిలో అతడు లోకమునకు కేంద్రమయ్యెను. గస్టన్ పనిగదిలో అతడు ముద్దాయియై కూర్చుండెను. అయినను కుంచెను క్రింద పెట్టలేదు. ఈ కడపటి మాట ముఖ్యమైనది. తన దోషమును తెలిసికొన్నవాడు పని మానుకొనుట సులభము. దోషము లేనివానివలె పనిచేయుట మరియు సులభము. దోషము తెలిసియు, దానిని కన్నులయెదుట నిలుపుకొని పనిచేయుట కష్టము. సంస్కారమును కోరు మనకు కావలసినది ఈ మూడవ మార్గమే. సభలో ఉపన్యసించునపుడు, పత్రికకు వ్రాయునపుడు, ఇంటి పనిమనిషికి జీతమిచ్చునపుడు, ఆమెకు గ్లాసు వేరుగా పెట్టునపుడు, కోడలి చదువును గూర్చి నిర్ణయము చేయునపుడు, మన చేతిలోని కలమును పట్టినది ఎవరో ఒకసారి చూచుకొనవలెను.